పసిబిడ్డ కడుపునొప్పి: మన పావగడ ఇంటి సానరాయి నుంచి గ్రైప్ వాటర్ దాకా

పావగడ ఇంట్లో దేవుడి గూటి కింద అరచెయ్యంత సానరాయి ఒకటి ఉంది. గంధం అరగదీసే రాయి అది కాదు, అది పెద్దది, గూట్లోనే ఉంటుంది. ఈ చిన్నది పసిపిల్లల మందు అరగదీయడానికి. మధ్యలో గుంట పడింది. ఆ గుంట మా అవ్వ అత్తగారి కాలం నుంచి పడతా వచ్చింది. మన ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ నాలుక మీదా ఈ రాయి మీద నుంచి తీసిన చుక్క ఒకటి పడి ఉంటుంది. ఇది చదివే మీలో సగం మంది నాలుక మీద కూడా.

పోయినసారి ఇత్తడి గంగాళం గురించి రాసినప్పుడు, సానరాయి గురించి కూడా రాయమని ఇద్దరు ముగ్గురు అడిగినారు. రాద్దామని కూర్చుంటే అది రాయి గురించి కాకుండా ఏడుపు గురించి అయ్యింది. ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ను కాను. సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నాకు పాతికేళ్ళు దాటినాక వచ్చినాయి. కన్నడ లిపి వచ్చినోళ్ళకి తెలుగు చదవడం వారం పని, తలకట్టు దగ్గరే కొంచెం తంటా. తప్పులుంటే పెద్దోళ్ళు దిద్దండి.

రాయి మీద అరగదీసేవి ఇవి: వస కొమ్ము, జాజికాయ, కరక్కాయ, మాచికాయ, ఒక్కోసారి శొంఠి. వస కొమ్మును మన వీధిలో కన్నడం వాళ్ళు బజె అంటారు, తమిళం వాళ్ళు వసంబు అంటారు. మూడు భాషల వాళ్ళూ దాన్ని ముందు దీపం మీద కాల్చి, తర్వాతే అరగదీస్తారు. లెక్క చుట్లలో ఉంటుంది. నెల బిడ్డకి వస ఒక చుట్టు, మూడు నెలలకి రెండు చుట్లు, ఇట్లా. తల్లిపాలు రెండు చుక్కలు వేసి, రాయి మీద గుండ్రంగా తిప్పి, వేలితో తీసి నాలుకకి రాస్తారు. వస రాస్తే మాటలు బాగా వస్తాయి అని ఇంకో నమ్మకం. వసపిట్టలాగా వాగుతాది అనే మాట దాన్నుంచే. నన్ను ఇంట్లో అందరూ అనే మాటే.

రాయితో పాటు ఉగ్గుగిన్నె ఉండేది, ముక్కు ఉండే చిన్న వెండి గిన్నె. బెంగళూరులో దాన్నే ఒళలె అంటారు. ఆముదం చుక్క పోసినా, వాము నీళ్ళు పోసినా దాంతోనే. అది ఇప్పుడు ఎవరింట్లో ఉందో తెలియదు. ఉంటే ఫోటో పంపండి.

ఇవన్నీ దేనికి అంటే అవ్వ ఒకటే మాట చెప్పేది, "కడుపులో గాలికి". బిడ్డ ఏడిస్తే గాలి. కాళ్ళు ముడుచుకుంటే గాలి. ముఖం ఎర్రగా అయితే గాలి. ఈ మందులు వేసినా ఏడుపు ఆగకుంటే అప్పుడు దిష్టి, పక్షి దోషం, ఇంకా ఆగకుంటే బాలింత తిన్న తిండి. ఈ చివరిదాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

2021 జులైలో నాకు పాప పుట్టింది. బాలింతతనానికి పావగడకే వచ్చినాను. మూడు వారాలు అంతా సుఖం. నాలుగో వారంలో మొదలయింది. సాయంత్రం దీపం పెట్టే వేళకి పాప గొంతు ఎత్తేది. పాలు ఇస్తే రెండు గుక్కలు తాగి వదిలేసేది. పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు పొట్టకి ఆనించి, ముఖం కందగడ్డలాగా చేసుకుని ఏడ్చేది. తొమ్మిదిన్నరకి, పదికి, ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోయేది. పొద్దున చూస్తే నవ్వు ముఖం. డాక్టర్ దగ్గరికి పగలు తీసుకుపోతే ఆయన ముందర హాయిగా నిద్రపోయింది. మా ఆఫీసులో ఇట్లాంటి బగ్గుని డెవలపర్లు "మా మెషీన్లో రావడం లేదు" అని వాపసు పంపేస్తారు. ఆ బాధ ఏమిటో నాకు బాగా తెలుసు.

కాబట్టి నాకు వచ్చిన పనే చేసినాను. ఫోన్లో ఒక షీటు తెరిచి, ఏడుపు ఎప్పుడు మొదలయింది, ఎప్పుడు ఆగింది, ముందు ఏం జరిగింది, ఆ రోజు నేను ఏం తిన్నాను, అన్నీ రాసినాను. అవ్వ అది చూసి నవ్వింది. "ఏం మే, బిడ్డ ఏడుపుకి కూడా లెక్కలు రాస్తారా?" అనింది.

రాస్తారని నాకు తర్వాత తెలిసింది. అమెరికాలో న్యూహేవెన్ అనే ఊళ్ళో మోరిస్ వెస్సెల్ అనే పిల్లల డాక్టర్, ఆయన తోటివాళ్ళు 1954లో ఒక వ్యాసం రాసినారు. ఏడ్చే బిడ్డల్లో ఎవరికి కోలిక్ ఉందనాలి, ఎవరికి లేదనాలి అని ఒక గీత గీసినారు. బాగా పాలు తాగి, బాగా పెరుగుతూ, వేరే జబ్బు ఏదీ లేని బిడ్డ, రోజుకి 3 గంటల కన్నా ఎక్కువ, వారానికి 3 రోజుల కన్నా ఎక్కువ, 3 వారాల కన్నా ఎక్కువ కాలం ఏడిస్తే అది కోలిక్. మూడు మూళ్ళ లెక్క అని దీనికి పేరు పడిపోయింది. ఎందుకు మూడే, నాలుగు ఎందుకు కాదు అంటే దానికి శాస్త్రం ఏమీ లేదు, ఎక్కడో ఒక చోట గీత గీయాలి కదా. టెస్టింగ్‌లో మేము కూడా అంతే చేస్తాము. 2016లో రోమ్ 4 అనే కొత్త నిర్వచనం వచ్చినప్పుడు డాక్టర్లు ఈ మూడు గంటల గీతను పక్కన పెట్టినారు. అయిదు నెలల లోపు బిడ్డ, కారణం కనిపించకుండా, పెద్దవాళ్ళు ఆపలేని విధంగా మాటిమాటికీ ఏడిస్తే చాలు అన్నారు. గడియారం పట్టుకుని కూర్చోవాల్సిన పని తల్లికి తప్పింది.

వెస్సెల్ తర్వాత 1962లో బాస్టన్ దగ్గర టి. బెర్రీ బ్రేజల్టన్ అనే ఇంకో డాక్టర్ 80 మంది తల్లుల చేత డైరీలు రాయించినాడు. జబ్బు ఉన్న బిడ్డలు కాదు, మామూలు బిడ్డలు. లెక్క చూస్తే, రెండో వారంలో బిడ్డ రోజుకి సుమారు రెండు గంటలకి కొంచెం తక్కువ ఏడుస్తుంది, ఆరో వారానికి అది దాదాపు 2 గంటల 45 నిమిషాలకి పెరుగుతుంది, మూడు నెలలకి బాగా తగ్గిపోతుంది. ఎక్కువ ఏడుపు సాయంత్రాల్లోనే. నా షీటులో గీత కూడా ఇట్లాగే ఎక్కి ఇట్లాగే దిగింది, మా పాపది కొంచెం ఎత్తు కొండ అంతే. అది చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు వచ్చినాయి. ఎవరో ముక్కూ ముఖం తెలియని 80 మంది ఆడవాళ్ళు, నేను పుట్టక ముందే, ఇదే పని చేసి పెట్టి ఉన్నారు.

ఇది అమెరికా వాళ్ళకే, మన పిల్లలు ఎప్పుడూ చంకలోనే ఉంటారు, మన వాళ్ళకి రాదు అని మా చిన్నాయన ఒకరు వాదించినారు. అందులో సగమే నిజం. ఆఫ్రికాలో కలహారి ఎడారి కుంగ్ సాన్ జనం బిడ్డని ఒంటి మీద నుంచి దించరు, గంటకి మూడు నాలుగు సార్లు పాలిస్తారు. రోనాల్డ్ బార్ అనే డాక్టర్ వాళ్ళ లెక్కలు తీసి 1991లో అచ్చు వేసినాడు. వాళ్ళ బిడ్డలు కూడా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ ఏడుస్తారు, అంటే కొండ అక్కడా ఉంది. కాకపోతే ఒక్కో ఏడుపూ పొట్టిగా ఉంటుంది, తొందరగా ఆగుతుంది. ఎత్తుకుంటే ఏడుపు రాకుండా పోదు, చిన్నదవుతుంది.

ఇంక పేరు సంగతి. కోలిక్ అనే మాట పెద్దపేగుకి గ్రీకులు పెట్టిన పేరు నుంచి వచ్చింది. అంటే పేరులోనే తీర్పు చెప్పేసినారు, నొప్పి పేగులోదే అని. మన గాలి అనే మాట కూడా అంతే. నిజానికి ఆ ఏడుపంతా కడుపునొప్పేనా అని ఈ రోజుకీ ఎవరూ రుజువు చేయలేదు. పేగులో ఇంకా కుదురుకోని సూక్ష్మజీవులు కారణం అని కొందరు, ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం అని కొందరు, మెదడు ఇంకా ఎదుగుతా ఉంది కాబట్టి సాయంత్రానికి అలసిపోయి తట్టుకోలేదు అని కొందరు. ఏడిచేటప్పుడు బిడ్డ గాలి మింగుతుంది, దాంతో పొట్ట ఉబ్బుతుంది. కాబట్టి ఏడుపు వల్ల గాలి వచ్చిందా, గాలి వల్ల ఏడుపు వచ్చిందా అంటే అవ్వ ఒకటి చెప్తుంది, డాక్టర్ ఇంకొకటి చెప్తాడు.

మాట రాని బిడ్డకి నొప్పి ఎక్కడో ఎట్లా తెలుసుకోవాలి అనే ప్రశ్న చాలా పాతది. కాశ్యప సంహిత అని ఆయుర్వేదంలో పిల్లల వైద్యం కోసమే ఒక గ్రంథం ఉంది. దాని తాళపత్ర ప్రతి నేపాల్లో దొరికింది, 1938లో అచ్చయ్యింది, పూర్తిగా దొరకలేదు, మధ్యలో చాలా పోయింది. అందులో వేదనాధ్యాయం అని ఒక అధ్యాయం. తలనొప్పి అయితే బిడ్డ తల అటూ ఇటూ ఆడిస్తుంది, చెవిపోటు అయితే చేత్తో చెవులు ముట్టుకుంటుంది, అని ఒక్కో బాధకీ బిడ్డ చేసే చేష్ట చెప్పుకుంటూ పోతాడు. కడుపుశూల అయితే రొమ్ము వదిలేస్తుంది, ఏడుస్తుంది, వెల్లకిలా పడుకుని ఒళ్ళు విరుస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది, ఒళ్ళు చల్లబడుతుంది, ముఖం చెమట పడుతుంది. చదువుతుంటే ఆ రాసినాయన మా పావగడ పడసాలలో సాయంత్రం ఏడు గంటలకి కూర్చుని మా పాపని చూసి రాసినట్టుంది.

అదే దేశంలో, అదే కాలం గ్రంథాల్లో బిడ్డ ఏడుపుకి గ్రహాలు కూడా కారణమే. సుశ్రుతుడు తొమ్మిది బాలగ్రహాలు చెప్పినాడు. చూపు, నమ్మకం రెండూ పక్కపక్కనే నడిచినాయి, మన ఇంట్లో వస కొమ్ము, దిష్టి ఉప్పు పక్కపక్కనే ఉన్నట్టు.

కాశ్యపుని అధ్యాయం తలచుకుంటే ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పసిబిడ్డకి నొప్పి తెలియదు, నరాలు ఇంకా తయారు కాలేదు అని 20వ శతాబ్దంలో చాలాకాలం పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో నమ్మినారు. నెలలు నిండని బిడ్డలకి గుండె ఆపరేషన్లు కూడా సరైన మత్తు లేకుండా, కదలకుండా ఉండే మందు మాత్రం ఇచ్చి చేసినారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన కె.జె.ఎస్. ఆనంద్ అనే మన దేశపు డాక్టర్, తన తోటివాళ్ళతో కలిసి 1987లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం వేసినాడు. నొప్పి తెలియకుండా ఫెంటానిల్ ఇచ్చిన బిడ్డలు ఆపరేషన్ తర్వాత బాగా కోలుకున్నారు, ఇవ్వని బిడ్డల ఒళ్ళు నొప్పికి తీవ్రంగా అల్లాడింది అని రక్తంలోని హార్మోన్లు చూపించి చెప్పినాడు. 1987! నేను పుట్టడానికి ఒకటి రెండేళ్ళ ముందు. అవ్వకి ఇది చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. "బిడ్డకి నొప్పి తెలీదని ఎవడన్నా అంటాడా?" అని నన్నే తిట్టింది.

నొప్పి తెలుసు అనుకున్న వాళ్ళు ఏం ఇచ్చినారు అంటే ఆ చరిత్ర ఇంకా చేదు. నల్లమందు. క్రీస్తు పూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లోనే బిడ్డ ఏడుపు ఆపడానికి గసగసాల మొక్కతో ఒక మందు ఉందని చెప్తారు. 18, 19 శతాబ్దాల ఇంగ్లండులో గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అని ఒకటి, బెల్లం పాకంలో నల్లమందు కలిపింది. లేసులు అల్లే నాటింగ్‌హామ్ ఊళ్ళో తల్లులు పని చేసుకోవాలంటే బిడ్డ పడుకోవాలి, అందుకు అది పోసేవాళ్ళు. అమెరికాలో 1849 నుంచి మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్, అందులో మార్ఫిన్. పళ్ళు వచ్చేటప్పటి ఏడుపుకి అని అమ్మినారు. 1911లో అమెరికా డాక్టర్ల సంఘం దాన్ని పసిపిల్లల్ని చంపే మందుల జాబితాలో పెట్టింది. మన దేశంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు బాలగోలీ అనే చిన్న నల్లమందు మాత్ర వేసి బిడ్డని ఇంట్లో పడుకోబెట్టి పోయేవాళ్ళు. 1931లో వచ్చిన కార్మికుల రాయల్ కమిషన్ నివేదిక దీని గురించి రాసింది. ఆ తల్లుల్ని తిట్టడం సులభం. పది గంటల షిఫ్టు, బిడ్డని చూసేవాళ్ళు లేరు, మిల్లులో ఊయల పెట్టే చోటు లేదు. నేను ఆరు నెలల మెటర్నిటీ లీవు మీద కూర్చుని వాళ్ళ మీద ఏం మాట్లాడేది?

మన ఇంట్లో నల్లమందు ఉండిందా అని అవ్వని అడిగినాను. మాకు ఎక్కడిది మే అనింది. కానీ గసగసాలు నూరి పాలల్లో పోసేవాళ్ళు, బిడ్డ బాగా నిద్రపోయేది, అని తనే మళ్ళీ చెప్పింది.

ఇంక గ్రైప్ వాటర్. పావగడలో మెడికల్ షాపుకి పోయి బిడ్డ ఏడుస్తా ఉంది అంటే అడగకుండానే చేతికి ఇచ్చే సీసా. ఇదీ ఆ నాటింగ్‌హామ్‌దే. విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో తయారు చేసినాడు. ఆ కాలంలో తూర్పు ఇంగ్లండు చిత్తడి నేలల్లో ఒక జ్వరం ఉండేది, అది మలేరియానే. ఆ జ్వరం వచ్చిన పిల్లలకి డాక్టర్లు ఇచ్చే మందు పిల్లల కడుపుకి కూడా హాయి ఇస్తా ఉందని చూసి, ఆయన తన కల్పం చేసుకున్నాడు: వంటసోడా, సోయికూర గింజల నూనె, చక్కెర, నీళ్ళు, ఇంకా ఆల్కహాల్. 1876లో గ్రైప్ వాటర్ అనే పేరుని ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు. మన దగ్గరికి అది మద్రాసు దారిలో వచ్చింది. టి.టి. కృష్ణమాచారి, తర్వాత కేంద్ర ఆర్థిక మంత్రి అయినాయన, 1928లో పెట్టిన టీటీకే సంస్థ దీన్ని దక్షిణాది ఇళ్ళల్లోకి చేర్చింది. టీవీలో దాని ప్రకటన మీకందరికీ జ్ఞాపకం ఉంటుంది. ముసలమ్మ దాకా ఒక్కో తరం ఆడమనిషి, నీ చిన్నప్పుడు కూడా ఇదే పోసినాను అని చెప్పే ప్రకటన. నాకు అది కన్నడంలోనే జ్ఞాపకం.

నల్లమందు పాకం అమ్ముడుపోయే ఊళ్ళో నల్లమందు లేని సీసా రావడం మేలే జరిగింది అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, చరిత్రకారులు ఏమంటారో మరి. కానీ ఆ సీసాలో బిడ్డని పడుకోబెట్టింది ఏమిటి? 2000లో ఐయన్ బ్లూమెంతాల్ అనే ఇంగ్లండు డాక్టర్ దీని కథంతా రాసి ఒక్కొక్క దినుసూ పట్టి చూసినాడు. సోడా పని చేసేది పెద్ద కడుపులో పులుపు ఎక్కువైతే, పసిబిడ్డ బాధ అది కాదు. చక్కెరకి బిడ్డ కాసేపు ఊరుకుంటుంది. మిగిలింది ఆల్కహాల్. బ్రిటన్‌లో 1992లో దాన్ని తీసేసినారు. ఇప్పుడు మన దగ్గర అమ్మే సీసాల మీద కూడా ఆల్కహాల్ లేదు అనే రాసి ఉంటుంది. ఆ లెక్కన చూస్తే మా అమ్మ తరం వరకూ అందరూ చెప్పే "అది పోస్తే హాయిగా పడుకునేది" అనేది అబద్ధం కాదు. ఎందుకు పడుకున్నామో తెలిస్తేనే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మా డాక్టర్ గ్రైప్ వాటర్ వద్దన్నాడు, వస కూడా వద్దన్నాడు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ఎలుకలకి గడ్డలు తెప్పించిందని అమెరికా 1968లోనే దాన్ని తిండి పదార్థాల్లో వాడకూడదంది. ఇంగ్లీషు మందులకి మాత్రం ఈ చరిత్రలో మచ్చ లేదనుకోకండి. పేగు పట్టు వదలడానికి డైసైక్లోమిన్ అనే చుక్కల మందు ఏళ్ళ తరబడి కోలిక్‌కి ఇచ్చినారు. కొందరు బిడ్డలకి ఊపిరి ఆగినట్టు అయిందని 1980ల్లో తెలిసి, ఆరు నెలల లోపు ఇవ్వకూడదన్నారు. కాబట్టి అవ్వ తప్పు, డాక్టర్ కరెక్టు అని నేను ఇక్కడ రాయలేను.

మేము చేసిందల్లా ఎత్తుకుని తిరగడం, చీకటి గదిలో ఫ్యాను శబ్దం పెట్టడం, నాకు చేతులు పడిపోతే అమ్మకి ఇవ్వడం. అమ్మ విసిగిపోతే తమ్ముడికి. ఒకరోజు రాత్రి పాపని మంచం మీద వదిలేసి బయట అరుగు మీద పది నిమిషాలు కూర్చున్నాను. డాక్టర్ చెప్పిందే అది. కోపం వస్తే బిడ్డని కింద పడుకోబెట్టి పక్కకి పో, ఎట్టి పరిస్థితిలో ఊపవద్దు, గట్టిగా కుదిపితే మెదడులో రక్తం కారుతుంది అన్నాడు.

ఇప్పుడు తిండి సంగతి. బిడ్డకి నొప్పి వస్తే తప్పు తల్లి నోటిదే అని మన ఇంటి చట్టం. నాకు వంకాయ లేదు, శనగలు లేవు, గుమ్మడికాయ లేదు, శనక్కాయలు అసలే లేవు. నా షీటులో తిండి గడి ఉంది కదా, ఏడు వారాలు చూసినాను. కారం అన్నం తిన్న రోజుకీ, ఉత్త మెంతెం అన్నం తిన్న రోజుకీ ఏడుపులో తేడా కనపడలేదు. ఒక్క బిడ్డ లెక్క లోకానికి రుజువు కాదు, అది నాకు తెలుసు. కొందరు బిడ్డలకి తల్లి తాగే ఆవుపాలు నిజంగానే పడవు, వాళ్ళకి విరేచనంలో రక్తపు చారలు, ఒంటి మీద దద్దులు లాంటివి ఉంటాయి. మా పాపకి అవేమీ లేవు. ఒక రాత్రి అవ్వకి ఆ షీటు చూపించి, "అవ్వా, నేను ఏం తిన్నా అంతే ఏడుస్తా ఉంది, చూడు" అన్నాను.

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెద్దోడికి కూడా అంతేనా?" అనింది.

మనలో చాలామందికి ఇది తెలియదు, నాకూ ఆ రోజు దాకా తెలియదు. మా నాన్న కన్నా ముందు అవ్వకి ఒక కొడుకు పుట్టినాడు. 1956 ప్రాంతం. ఏడు నెలల బిడ్డ, బొద్దుగా ఉండేవాడంట. శనక్కాయ పెరికే కాలంలో ఒకరోజు ఉన్నట్టుండి కేకపెట్టి ఏడ్చినాడు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. కాసేపటికి ఆగి, తోటకూర కాడలాగా వాలిపోయినాడు. మళ్ళీ పావుగంటకి అదే కేక. సానరాయి తీసినారు, వస రాసినారు, ఆముదం పొట్టకి రాసి తమలపాకు వేడి చేసి కాపినారు. పచ్చగా వాంతి చేసినాడు. రెండో రోజు గుడ్డలో ఎర్రగా జిగురుగా పడింది. మూడో రోజు పోయినాడు. వీధిలో ఆడవాళ్ళంతా బాలింత పచ్చి శనక్కాయలు తినింది, పాలల్లో పోయి బిడ్డ పేగులకి పట్టుకుంది అన్నారు. అవ్వ పొలంలో తిన్న మాట నిజమే.

అవ్వ శనక్కాయలు తినదు అని మనకందరికీ తెలుసు. పావగడలో పుట్టి పెరిగి శనక్కాయ తినని మనిషి అని మనమే ఎగతాళి చేసేవాళ్ళం. పడదేమో అనుకున్నాం.

నేను చూడని రోగానికి పేరు పెట్టకూడదు. అందుకే మర్నాడు మా పిల్లల డాక్టర్కి ఫోన్ చేసి, అవ్వ చెప్పింది చెప్పినట్టు చెప్పినాను. చూడకుండా ఖాయంగా అనలేను, కానీ ఇది పేగులో పేగు దూరడం లాగా ఉంది అన్నాడు. ఇంటససెప్షన్ అంటారు. పేగు ఒక చోట టెలిస్కోపు మాదిరి తనలోకి తనే దూరుతుంది, రక్తం అందక అక్కడ చచ్చుబడుతుంది. ఎక్కువగా అయిదు నుంచి పది నెలల మధ్య, బాగున్న బిడ్డలకే వస్తుంది. తల్లి తిన్న తిండికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లండులో జొనాథన్ హచిన్సన్ 1871లో దీనికి ఆపరేషన్ చేసి ఒక బిడ్డని బతికించినాడు. డెన్మార్క్‌లో హిర్ష్‌స్ప్రుంగ్ అనే పిల్లల డాక్టర్ 1876లో వెనక నుంచి నీళ్ళు ఎక్కించి, ఆ ఒత్తిడితో పేగుని వెనక్కి నెట్టే పద్ధతి గురించి రాసినాడు. ఇప్పుడు స్కాను చూస్తా నీళ్ళో గాలో ఎక్కించి చాలామంది బిడ్డలకి కత్తి లేకుండానే సరిచేస్తారు, కానీ గంటల లెక్కన తొందరగా తీసుకుపోవాలి. 1956లో పావగడ నుంచి బెంగళూరు నూటయాభై కిలోమీటర్ల పైనే. మన దగ్గర ప్రసవానికీ పసిబిడ్డకీ అంతా సూలగిత్తే. ఈ తాలూకాలోనే కృష్ణాపురం నరసమ్మగారు 15,000 పైగా పురుళ్ళు డబ్బు తీసుకోకుండా పోసి, 2018లో పద్మశ్రీ తీసుకుని ఆ ఏడే పోయినారు. అంత చెయ్యి ఉన్న మనుషులు ఉన్న తాలూకా ఇది. కానీ దూరిన పేగుని ఏ సూలగిత్తీ బయటికి తీయలేదు.

కోలిక్ బిడ్డని చంపదు. కానీ గాలి అనే ఒక్క మాట కింద మనం అన్నిటినీ పెట్టేసినాము, అందులో చంపేది కూడా ఉండింది. పచ్చటి వాంతి, విరేచనంలో రక్తం, గట్టిగా ఉబ్బిన పొట్ట, జ్వరం, పాలు అసలు ముట్టకపోవడం, ఏడుపు మధ్యలో సొమ్మసిల్లినట్టు వాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సానరాయీ కాదు, సీసా కాదు, రాత్రయినా బండి తీయాల్సిందే. మూడు నెలలు దాటినాక కొత్తగా మొదలైన కేక ఏడుపుని కూడా కోలిక్ అనుకోకూడదు.

డాక్టర్ చెప్పింది అవ్వకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను. ఎనభై అయిదేళ్ళ మనిషి. నాన్న వద్దన్నాడు, ఆరిన గాయం గెలకొద్దు అన్నాడు. ఆరి ఉంటే ఆమె ఎందుకు అడుగుతుంది అని నేను. చెప్పినాను. పక్కన కూర్చుని, చీర కొంగుని ఒకదానిలోకి ఒకటి దూర్చి చూపించి, పేగు ఇట్లా అయిందేమో అవ్వా, నువ్వు తిన్నది కాదు అన్నాను. ఆమె ఆ కొంగుని తన చేతిలోకి తీసుకుని విడదీసి చూసింది. "అయితే నూరు కిలోమీటర్లు ఎత్తుకుపోయింటే బతికేవాడా?" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏమో అవ్వా అన్నాను.

అక్టోబరు వచ్చేసరికి పాప సాయంత్రం ఏడుపు ఆగిపోయింది, వచ్చినట్టే చెప్పకుండా పోయింది. నవంబరులో పొలం నుంచి పచ్చి శనక్కాయలు వచ్చినాయి. ఉడకేసినారు. అవ్వ ఒక గిన్నె ముందర పెట్టుకుని, ఒక్కొక్కటీ ఒలిచి నా చేతిలో పెట్టింది, తిను మే, పాలు పడతాయి అని. తను మాత్రం తినలేదు. అలవాటు పోయింది అనింది.

2023లో అవ్వ పోయింది. మన వంశవృక్షంలో మా తాత గడి కింద మా నాన్నే మొదటివాడిగా ఉన్నాడు. పోయిన వారం నేను ఆయనకి ముందు ఇంకో గడి చేర్చినాను. పేరు చోట ఖాళీగా ఉంది. ఏడు నెలల బిడ్డకి నామకరణం అయ్యే ఉంటుంది, కానీ అవ్వ పెద్దోడు అనే అనేది, నేను అప్పుడు అడగలేదు. మడకశిర, హిందూపురం వైపు ఉన్న పెద్దత్తలకి ఎవరికన్నా జ్ఞాపకం ఉంటే రాయండి.